వనజ తునికాకు అంచు

బీడీ కార్ఖానాలో గుమాస్తాతో వనజ పెట్టుకున్న కొట్లాట, ఆ రోజు అదే వరుసలో ఉన్న ముసలి భూదవ్వకు ఇంకా నిన్నటిలాగే ఉంది. వనజ చుట్టి తెచ్చిన బీడీల్లోంచి ఆయన గుప్పెడు తీసి, "ఇవి మంచిగ లేవు" అంటూ తన గంపలోనే వేసుకున్నాడు. అందరి దగ్గరా అట్లాగే తీసేవాడు, అందరూ తలవంచుకుని పోయేవారు. వనజ కదల్లేదు.

"మంచిగ లేకుంటె నా ముంగట చింపు సారూ. మంచిగుంటె లెక్కల కలుపు. చెడిపోయినయంటివి, గంపల దాసుకుంటివి. గదేం చెడుడు?"

వరుసలో ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. చింపడానికి గుమాస్తాకు చేయి రాలేదు. బీడీలన్నీ మళ్లీ లెక్కలో కలిశాయి. ఎల్లారెడ్డిలో తన నోటి తర్వాత మంచి నోరు అదేనని భూదవ్వ ఆ రోజే తీర్పు చెప్పేసింది.

తర్వాత వనజ బీడీలు మానేసి, భూదవ్వ పక్కింట్లోనే ఎంబ్రాయిడరీ మిషను పెట్టుకుంది. జాకెట్ల మీద కుట్టే డిజైన్లు కంప్యూటర్‌లో తానే గీసేది. అన్నిటికంటే పేరొచ్చింది తునికాకు అంచుకు. బీడీల కోసం ఏళ్ల తరబడి కత్తిరించిన ఆకు కదా, ఈనెలతో సహా దిగింది. పిట్లం నుంచి కూడా పెళ్లివాళ్లు వెతుక్కుంటూ వచ్చేవారు.

మొన్న దసరాకు ఆమె మొగుడు మహిపాల్ పనిముట్లకు పూజ చేశాడు. మిషనుకు బొట్టు పెట్టాడు, బాగానే ఉంది. నడుస్తున్న కంప్యూటర్ డబ్బాకూ పెట్టాడు, అదీ బాగానే ఉంది. ఆపైన కొబ్బరికాయ తీసుకుని ఆ డబ్బా నెత్తినే కొట్టాడు. కాయ పగిలింది. డబ్బా లోపల టిక్కు టిక్కుమని మొదలైంది.

"బల్లి పలుకుతున్నది. శుభమే" అన్నాడు మహిపాల్.

"బల్లి కాదు కొడుకా, నీ తెలివి పలుకుతున్నది" అంది కొబ్బరిముక్క కోసం వచ్చిన భూదవ్వ.

తెర మీద ఏదీ తెరుచుకోలేదు. వనజ వైరు పీకేసి కూలబడింది. గీసినవన్నీ ఆ డబ్బాలోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు. అవి పోతే ఊరంతా కుట్టే కొనుగోలు డిజైన్లే ఆమె కూడా కుట్టాలి. తునికాకు అంచే కావాలన్న పిట్లం పెళ్లికూతురు జాకెట్ ఇంకా మిషను ఎక్కనే లేదు.

మర్నాడు వనజ, భూదవ్వ కామారెడ్డి బస్సెక్కారు. దుప్పట్లో చుట్టిన డబ్బా వనజ ఒళ్లో ఉంది.

"కింద పెట్టరాదమ్మా?" అన్నాడు కండక్టర్.

"దానికి పాణం బాగలేదన్నా. దవాఖానకు తీస్కపోతున్న."

మొదటి దుకాణంలో మనిషి చెవి ఆనించి విని పెదవి విరిచాడు. "హార్డ్ డిస్క్ ఖతమైందమ్మా. కొత్తది ఏస్త. పాతది గీడనే ఇడిసిపెట్టు."

"ఖతమైంది నీకెందుకు? నాది నాకియ్యి" అంది వనజ. భూదవ్వ కూడా రెండు కలపబోయింది గాని అవసరం పడలేదు.

పక్క సందులో సతీశ్ అనే అతను డిస్కు విప్పి ఇంకో కంప్యూటర్‌కు తగిలించాడు. "ఇంకింత పాణమున్నదక్కా. ఎప్పుడు ఆగుతదో చెప్పలేను. ఏది ముందుగాల తీయాలె?"

అప్పుడే మహిపాల్ ఫోన్ చేశాడు. "మన పెండ్లి వీడియో ముందుగాల తీయించు!"

"పెండ్లి నాకు యాదికున్నది" అని వనజ ఫోన్ పెట్టేసింది. "నేను గీసినయి తీయి తమ్మీ."

సతీశ్ కాసేపు తీసేవాడు. టిక్కు టిక్కు పెరగ్గానే ఆపి, డిస్కును చల్లారనిచ్చి మళ్లీ తీసేవాడు. వనజ తెచ్చుకున్న చాయ్ తాగలేదు. "కదులు ముండా!" అని డిస్కును తిట్టింది భూదవ్వ. కొన్ని విరిగిపోయి వచ్చాయి. కొన్ని రానే లేదు. చివరికి తెర మీద తునికాకు విచ్చుకుంది, ఒక్క ఈనె తప్పిపోకుండా. వనజ "వచ్చిందవ్వా!" అని అరిచిన అరుపుకు సందంతా తొంగిచూసింది.

గీసినవి దాదాపు అన్నీ బతికాయి. పెళ్లి వీడియో మాత్రం తలంబ్రాల దాకా వచ్చి ఆగింది. డిస్కు మళ్లీ తిరగలేదు. తిరుగు బస్సులో గెలుపు సంగతి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ భూదవ్వే చెప్పింది. పిట్లం పిల్ల తునికాకు అంచుతోనే పీటలెక్కింది.

ఆ పెళ్లయ్యాక వనజ అరచేతిలో పట్టే చిన్న డిస్కు ఒకటి గుడ్డలో చుట్టి భూదవ్వ ఇంటికి తెచ్చింది.

"అవ్వా, అన్ని దీంట్ల ఇంకోపారి ఎక్కిచ్చిన. ఒకటి నా ఇంట్ల, ఒకటి ఇంకో ఇంట్ల ఉండాలె. నీ చీరల సందుగల పెట్టి తాళమెయ్యి."

"మీ ఆయన అడిగితె?"

"ఇయ్యకు."

"నువ్వే వచ్చి అడిగితె?"

"ఎందుకని నాతోని కొట్లాడు. నా జవాబు నీకు నచ్చితెనే ఇయ్యి."