చాపని కాళ్లు

హెలికాప్టర్ రెక్కలు ఆపకుండానే మమ్మల్ని మంచు మీద దింపి వెళ్లిపోయింది. మమ్మల్నంటే నన్నూ, కిరోసిన్ డబ్బాల కట్టనూ. ఉదయం ఎనిమిది. మైనస్ ఇరవై రెండు. ఒక పక్క గోడలాంటి కొండ, ఇంకో పక్క లోయ. సామర్లకోటలో రైలెక్కినప్పుడు చొక్కా చెమటకి వీపుకు అంటుకుంది. ఇక్కడ ఊపిరి మీసం మీదే గడ్డకట్టింది.

ఆ సరిహద్దు సైనిక పోస్టులో మొత్తం ఆరుగురం. పడుకోవడానికి ఫైబర్ గుడిసె, కాపలాకి బంకర్, వెచ్చదనానికి ఒక్క స్టవ్. పోస్టు పెద్ద ఒక హవల్దార్. హిమాలయాల్లోని గఢ్వాల్ కొండల మనిషి, మా నాన్న ఈడు ఉంటుంది. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవారు. ఆయన నన్ను తలనుంచి కిందికి చూసి, బూట్ల దగ్గర చూపు ఆపారు.

“ఏ ఊరు?”

“కోనసీమ, ఉస్తాద్. గోదావరి పక్క.”

“నీళ్ల దేశం. తడికాళ్లంటే భయం ఉండదు నీకు. ఇక్కడ మాత్రం ఆ భయం ఉండాలి.”

నవ్వుకున్నాను. మోకాలి లోతు బురదలో నాట్లు వేసిన కాళ్లివి. వానాకాలమంతా తడిసే ఉండేవి, ఏమైంది కనక?

పోస్టులో రోజూ తప్పని పని ఒకటుంది. సాయంత్రం ఆరింటికి ఇద్దరిద్దరుగా స్టవ్ దగ్గర కూర్చోవాలి. బూట్లు విప్పి, తడి సాక్సులు తీసేయాలి. ఒకరి పాదాలు ఇంకొకరు చేతుల్లోకి తీసుకుని తుడవాలి, ఆరబెట్టాలి, ఒక్కో వేలూ కదిలించి చూడాలి, పౌడర్ చల్లి పొడి సాక్సులు తొడగాలి. ఆ తర్వాత రేడియోలో కింది క్యాంపు అడుగుతుంది, “పాదాలు?” మా ఆపరేటర్ జవాబిస్తాడు, “అందరివీ ఓకే. ఓవర్.” తుపాను వచ్చినా, ఆ రోజు పండగైనా ఆ ప్రశ్న ఆగదు.

నాకు జోడీగా పడింది ఉస్తాద్.

ఆయన పాదాలు నేను పట్టుకోవడానికి ఇబ్బందేమీ లేదు. ఇంట్లో తాతయ్య కాళ్లు పట్టినవాణ్నే. చిక్కల్లా ఆ తర్వాత వచ్చింది. ఆయన గొంతుక్కూర్చుని నా కాళ్ల కోసం చేతులు చాపారు. నా ప్రాణం గిలగిల్లాడిపోయింది. మా వైపు నడుస్తూ పొరపాటున కాలు తగిలితేనే వేళ్లు కళ్లకద్దుకుంటాం. పెద్దవాళ్లు మన కాళ్లు ముడితే ఆయుష్షు తగ్గుతుందంటుంది మా అమ్మ. నాన్నంత మనిషి ముందు కాళ్లు చాపడమేంటి? చటుక్కున వెనక్కి లాక్కున్నాను.

“నేను చేసేసుకున్నాను ఉస్తాద్. ఇందాకే.”

ఆయన సరేనన్నారు. మొదట్లో నిజంగానే చేసుకున్నాను. స్లీపింగ్ బ్యాగ్‌లో దూరి, గొడవపడి, ఎలాగోలా సాక్సులు మార్చుకునేవాణ్ని. తర్వాత ఒకరోజు కాపలా దిగి వచ్చేసరికి ఒళ్లు పులిసిపోయింది. వదిలేశాను. ఏమీ కాలేదు. మర్నాడు వదిలేయడానికి అలసట కూడా అక్కర్లేకపోయింది. “చేసేసుకున్నాను ఉస్తాద్” అన్న మాట మాత్రం ఒక్క సాయంత్రమూ మానలేదు. అలవాటంటే అదొక్కటే పట్టుబడింది నాకు.

మిగతా పనుల్లో నన్ను వేలెత్తి చూపడానికి లేదు. తుపాకి అద్దంలా ఉండేది. మంచు అందరికంటే ముందే తవ్వేవాణ్ని. అవన్నీ నలుగురూ చూసే పనులు. పాదాలు బూట్లలో ఉండేవి.

ఇప్పుడు మా కాలువ గట్టు మీద పొద్దున్నే పరుగులు తీసే కుర్రాళ్లు ఆపి అడుగుతుంటారు. “అంకుల్, అంత క్రమశిక్షణ మీకెలా వచ్చిందండి?” రాలేదురా, నా వెంటపడి చేయించారు, వాళ్ల చేయి తప్పించుకున్నచోట చెడ్డాను అని చెప్పాలి. చెప్పడానికి సిగ్గేసి, పొద్దున్నే లేవండి అని మాత్రం అంటాను.

ఒక సాయంత్రం స్టవ్ దగ్గర కూర్చుని టీ తాగుతున్నాను. ఉన్ని కాలిన కంపు వచ్చింది. ఎవరి గుడ్డో అంటుకుందని చుట్టూ చూశాను. నా ఎడమ సాక్సే. వేళ్లు స్టవ్ కాలికి ఆనుకుని ఉన్నాయి. నాకు తెలియనేలేదు.

ఉస్తాద్ ఒక్క ఉదుటున వచ్చి కాలు లాగారు. సాక్సు జాగ్రత్తగా తీశారు. వేళ్లు చలికి గడ్డకట్టి, పచ్చికొబ్బరి ముక్కల్లా తెల్లగా, బిర్రుగా ఉన్నాయి. ఆయన కోటు విప్పి, లోపలి చొక్కా ఎత్తి, నా రెండు పాదాలూ తన కడుపుకి ఆనించుకుని కోటు కప్పేశారు. ఆ చల్లదనానికి ఆయన పళ్లు టకటకమన్నాయి. నేను కాళ్లు లాక్కోబోయాను.

“కదలకు.”

“వద్దు ఉస్తాద్. మీరు పెద్దవారు. పాపం నాకు.”

ఆయనకి అప్పుడు అర్థమైంది. “ఇందుకా ఇన్నాళ్లూ?” అన్నారు. తిట్టలేదు. తిడితే బాగుండేది.

రేడియో అడిగింది, “పాదాలు?” ఉస్తాద్ హ్యాండ్‌సెట్ అందుకున్నారు. “ఒక జత చెడింది. చూసుకోవలసింది నేను. చూడలేదు. తప్పు నాది. ఓవర్.” నాకు తల తీసేసినట్టయింది. కాదు, నేనే అబద్ధం చెప్పాను అనవలసింది. అనలేదు.

మర్నాడు వచ్చే హెలికాప్టర్‌లో కిందికి ఒక్కరికే చోటు. అది ఉస్తాద్‌ది. వాళ్లావిడకి ఊళ్లో గర్భసంచి ఆపరేషన్. పక్కన ఉంటానని మాట ఇచ్చారు, సంచి కూడా సర్దుకున్నారు. ఆ చోటు నాకిచ్చారు. నేను వద్దంటుంటే ఆపరేటర్ మెల్లగా అన్నాడు, “ఎక్కు. ఇంకా మర్యాదలు చేస్తే కాలే పోతుంది.”

నేను దిగాక వాతావరణం చెడి, చాలా రోజులు హెలికాప్టర్ ఎగరలేదు. ఆస్పత్రిలో నా వేళ్లు రెండు తీసేశారు. అక్కడ ఉస్తాద్ భార్య ఆపరేషన్ కాగితాల మీద ఆయన బదులు పక్కింటాయన సంతకం పెట్టాడని ఆపరేటర్ ఫోన్‌లో చెప్పాడు. ఆవిడ బాగానే కోలుకుంది. ఉస్తాద్ వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఆయనకి ఫోన్ చేస్తే నా కాలి గురించి తప్ప ఇంకేమీ అడగలేదు.

ఇంటికొచ్చిన రోజు మా బావ యానాం వెళ్లి బ్రాందీ సీసా తెచ్చాడు. చుట్టాలు చేరారు. బావ నా కాలు చూపించి, “మావోడు దేశానికి రెండు వేళ్లిచ్చాడండి, ఊరికే కాదు” అన్నాడు. ఒకాయన లేచి వచ్చి నాకు దండం పెట్టబోయాడు. నేను పెరట్లోకి వెళ్లిపోయాను. కుంటుకుంటూ వెళ్తుంటే అది కూడా గొప్పగానే కనపడింది వాళ్లకి. ఆ రాత్రి అమ్మకొక్కదానికే నిజం చెప్పాను. “ఆయన్ని కన్న తల్లి ఎవరోగాని” అంది, కళ్లొత్తుకుంటూ.

అప్పట్నుంచి సాయంత్రం ఆరింటికి కాళ్లు తుడుచుకుని వేళ్లు చూసుకుంటాను. ఈ ఉక్కపోతలో అదేం పిచ్చని మా ఆవిడ నవ్వుతుంది. ఈమధ్య తనే తువ్వాలు తెచ్చి కూర్చుంటోంది, కాలు ఇస్తున్నాను. ఇవ్వడానికి ఏళ్లు పట్టింది.

ఒక్కటి మాత్రం కళ్లముందునుంచి పోదు. హెలికాప్టర్ లేచినప్పుడు కిటికీలోంచి కిందికి చూశాను. నా బదులు దిగిన కొత్త జవాను బెదురుగా నిలబడి ఉన్నాడు. ఉస్తాద్ మావైపు తలెత్తలేదు. ఆయన సర్దుకున్న సంచి మంచులో పక్కన పడి ఉంది. ఆ జవాను ముందు మోకాళ్ల మీద కూర్చుని, బూటు ముందుభాగం బొటనవేలితో నొక్కి చూస్తున్నారు. అతను కాలు వెనక్కి తీసుకున్నాడు. ఉస్తాద్ ఇంకొంచెం ముందుకి జరిగి, ఆ కాలు రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నారు.