ఏసీ హాల్లో మెత్తబడిన డప్పు: మూసాపేట నుంచి హైటెక్ సిటీ దాకా

అనూష ఫోన్ చేయకపోతే మేం ఆ ప్రోగ్రాం ఒప్పుకునేవాళ్లమే కాదు. మా బ్యాండ్‌లో ముగ్గురం. కీబోర్డు నేను, గిటార్ వాయిస్తూ పాడేది ప్రవీణ్, డప్పు యాదయ్య గారు. ఆయన మూసాపేటలో ఒక వెల్డింగ్ షాపులో పనిచేస్తారు. అనూష ఆయన కూతురు, హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం. నాన్న డప్పు కొడతారని మూడేళ్లుగా ఆఫీసులో ఎవరికీ చెప్పని పిల్ల, ఈసారి ఆఫీసు వేడుకకి తనే మా పేరు ఇచ్చింది. "అక్కా, మా టీమంతా ముందు వరసల కూసుంటరు. నాయిన మంచిగ కొట్టాలె, గంతే" అంది. ఆ 'గంతే' విన్నప్పటి నుంచి పాటల వరస పదిసార్లు మార్చాను. మాది కాకినాడ. ఊరికే కంగారుపడటంలో మా ఇంట్లో నా తర్వాతే ఎవరైనా.

నాలుగింటికి ప్రోగ్రాం, రెండున్నరకల్లా గేటు దగ్గర ఉండమన్నారు. గిటార్ ఒక్కటే అయితే మూసాపేటలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీలో దిగడం హాయి. ముప్పావుగంట చాలు. మాకు కీబోర్డు, దాని స్టాండు ఉన్నాయి కాబట్టి నాలుగు వందల ముప్పైకి పెద్ద క్యాబ్ తీసుకుని ఒకటిన్నరకి బయల్దేరాం. పొద్దుటి నుంచి ముసురు. యాదయ్య గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, డప్పుని పాత దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకున్నారు. డ్రైవర్ కైతలాపూర్ ఫ్లైఓవర్ ఎక్కించాడు. "ఈ వానల కొండాపూర్ దిక్కు పోతె ఇగ సాయంత్రమే మేడం. ఫికర్ చేయకుర్రి, అర్ధగంటల దింపుత" అన్నాడు. అన్నట్టే దింపాడు. ఆ రోజు మాకిచ్చిన మాట నిలబెట్టుకున్న మనిషి అతనొక్కడే.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను డప్పుని అటూ ఇటూ తిప్పి, "సీరియల్ నంబర్ ఏది?" అన్నాడు. లోపలికి తెచ్చే ప్రతి వస్తువుకీ నంబర్ ఎక్కిస్తేనే తిరిగి బయటికి పోనిస్తారట. కీబోర్డుకి ఉంది, గిటార్‌కి వెతికితే దొరికింది. "దీన్కి నంబర్ ఏడుంటది సారూ, తోలు, చెక్క" అన్నారు యాదయ్య గారు. "నంబర్ లేకుంటే సిస్టం తీస్కోదన్నా, నన్నేం జెయ్యమంటవ్?" ఏర్పాట్లు చూసే కార్తీక్‌కి ఆరుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లు "ఫైవ్ మినిట్స్ మేడం" అన్నాడు, మూడుసార్లు కట్ చేశాడు. ఆఖరికి యాదయ్య గారి ఫోన్ నంబరే డప్పు నంబర్‌గా వేసి మమ్మల్ని వదిలేసరికి మూడుంబావు.

స్టేజి లాబీలో, పైనుంచి ఏసీ గాలి. ముగ్గురికీ కలిపి రెండే మైకులు. మా వంతు క్విజ్ తర్వాతకి మారింది, అక్కడి నుంచి ఒక పెద్దాయన ఉపన్యాసం తర్వాతకి మారింది. యాదయ్య గారు దుప్పటి విప్పి డప్పు మీద వేళ్లతో కొట్టి చూశారు. మొహం మాడిపోయింది. చెమ్మకీ చలికీ తోలు సడలిపోయింది. మంట దగ్గర కాస్తే గానీ అది బిగవదు, బిగిస్తే గానీ మోగదు. "జర అగ్గి కావాలె సార్. రెండు అట్టముక్కలుంటె చాలు, బయట కాపుకొస్త" అన్నారు. కార్తీక్ హాస్యం అనుకుని నవ్వాడు. "క్యాంపస్‌లో అగ్గి పెడితే నా జాబ్ పోతది అంకుల్. అట్లనే కొట్టేయండి, ఎవరికీ తెల్వదు."

"నా బిడ్డకు తెలుస్తది" అన్నారు యాదయ్య గారు.

ఆయన్ని తీసుకుని రెండో అంతస్తులోని ఫుడ్‌కోర్టుకి పరుగెత్తాను. దోసెలు పోసే అతను విషయం విని, "ఏంది పెద్దాయనా, దీని మీద గూడ కారం సల్లాల్నా?" అని ఆటపట్టిస్తూనే పక్కకి జరిగాడు. "పెనం మీద పెట్టకు, జర పైకి వట్టు, నూనె అంటుతది." యాదయ్య గారు ఐదు నిమిషాలు డప్పుని సెగ మీద గుండ్రంగా తిప్పి, పుల్లతో ఒక్క దెబ్బ వేశారు. ఖంగుమంది. కాఫీ తాగుతున్న వాళ్లంతా వెనక్కి తిరిగారు. నాకు ప్రాణం లేచొచ్చింది.

కిందికొస్తే ఉపన్యాసం ఇంకా నడుస్తోంది. కార్తీక్ "రెండు నిమిషాలు" అన్నది నలభై నిమిషాలైంది. ముళ్ల మీద నిలబడ్డట్టు నిలబడ్డాం. యాదయ్య గారు డప్పుని ఇస్త్రీ చొక్కా లోపల పొట్టకి అదిమి పట్టుకున్నారు, వేడి పోకుండా. పోనే పోయింది. మళ్లీ పైకి పరుగెత్తితే దోసెలతను పెనం కడిగేస్తున్నాడు. "ఐదింటికే బంద్ అక్కా. గ్యాస్ గూడ తీసేసిన్రు."

ఐదూ ఇరవైకి మమ్మల్ని ఎక్కించి "పది నిమిషాలే" అన్నారు. రెండు పాటలు. డప్పు దబ్ దబ్‌మని, తలుపు మీద కొట్టినట్టు పలికింది. జనం మాత్రం ఈలలు వేశారు, ఫోన్లు పైకెత్తారు. నేను రెండో పాటలో ఒకచోట తప్పాను. యాదయ్య గారు ఆ పది నిమిషాలూ తలెత్తలేదు. ముందు వరసలో అనూష చప్పట్లు కొట్టడం లేదు. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

దిగగానే టీమంతా చుట్టుముట్టారు, సెల్ఫీలు. వాళ్ల టీమ్ లీడ్ "అదరగొట్టేశారండీ" అని ఆయన చేయి పట్టుకుని ఊపాడు.

"లేదు సార్" అంది అనూష, అందరికీ వినబడేలా. "ఇయాల డప్పు కాగలే. మా నాయిన కొడ్తె గిట్లుండదు. ఆదివారం మా ఇంటికి రాండ్రి, అసలు సప్పుడు ఇనిపిస్త."

యాదయ్య గారు డప్పుని దుప్పట్లో చుట్టడానికి చాలాసేపు తీసుకున్నారు.

తిరుగు ప్రయాణం ఆరింటి ట్రాఫిక్‌లో గంటా ఇరవై నిమిషాలు, ఆరువందల పది రూపాయలు. దారంతా కార్తీక్‌ని తిట్టుకున్నాను. ఇంటికొచ్చి గట్టిగా ఒక మెయిల్ రాద్దామని, మాకు ఏమేం కావాలో ముందుగా నింపి పంపిన ఫారం తెరిచాను. కీబోర్డుకి రెండు ప్లగ్ పాయింట్లు, చేతుల్లేని కుర్చీ. గాయకుడికి గోరువెచ్చని నీళ్లు. డప్పు ఎదురుగా "ఏమీ అక్కర్లేదు." రాసింది నేనే. రెండేళ్లుగా ఎక్కడికెళ్లినా ఆయన తనే ఏ మూలో మంట చూసుకుని, కాచుకుని, వేళకి వచ్చి నిలబడేవారు. అదీ ఒక పనేనని నాకు తట్టలేదు. మర్నాడు షాపుకెళ్లి, తప్పు నాదేనని చెప్పాను. ఆయన నవ్వారు. "నువ్వడగలే, నేను జెప్పలే. పోనీ బిడ్డా." పోనీ అనడం ఆయన మంచితనం. ఆ 'నువ్వడగలే' మాత్రం నన్ను ఇంకా నిద్రపోనివ్వడం లేదు.

ఐటీ పార్కుల్లో వాయించడానికి వెళ్లే బ్యాండ్లకి నాదొక్కటే సలహా. ఫారం నింపేటప్పుడు అందరినీ పక్కన కూర్చోబెట్టుకుని ఏం కావాలో అడగండి, ఏమీ వద్దనే మనిషిని రెండోసారి అడగండి. మా ఫారంలో ఇప్పుడు మొదటి వరస ఇది: డప్పు కాచుకోవడానికి మంట, స్టేజికి దగ్గర్లో, సరిగ్గా మా వంతుకి ముందు. కుదరదంటే మేం రాం.