ఆ రీలులో నా పైట

మా ఆయన బెజవాడ గాంధీనగర్లో ఒక సినిమా పంపిణీ ఆఫీసులో పనిచేసేవారు. ఊళ్ళ నుంచి తిరిగొచ్చిన ప్రింట్లను బల్ల మీద విప్పి, తెగినచోట అతికించి, మళ్ళీ చుట్టి డబ్బాల్లో సర్దడం ఆయన పని. ఇంటికొచ్చి సబ్బుతో ఎంత రుద్దుకున్నా వేళ్ళకు ఆ అతుకు మందు వాసన పోయేది కాదు. సినిమా ఆఫీసు మనిషిని కట్టుకున్నావు, నీకేంటి, రోజూ సినిమాలే అని మా వాళ్ళు నన్ను ఆటపట్టించేవారు. రోజూ సినిమాలు సరే, ఆయనకు ఏ సినిమాలోనూ కథ తెలియదు. ఏ రీలు ఎక్కడ తెగిందో అడిగితే మాత్రం నిద్రలో కూడా చెప్పేవారు.

డెబ్భైల మొదట్లో మాట. మా పేట చివర, కాలవ గట్టు పక్క ఖాళీ స్థలంలో ఒక కార్మిక నాయకుడి మీటింగు పెట్టారు. అప్పట్లో మీటింగంటే ఆడవాళ్ళకు ఒక షికారు. పెందలాడే వంట ముగించుకుని, ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వెళ్ళేవాళ్ళం. స్టేజి ముందు మాకోసం జంపఖానాలు పరిచేవారు. నేను నా నెమలికంఠం రంగు చీర కట్టుకుని, పక్కింటావిడతో కలిసి మొదటి వరసలో కూర్చున్నాను. పైగా ఆ రోజు స్టేజి మీద నుంచి మీటింగంతా సినిమా తీస్తున్నారు. మా ఆయన స్నేహితుడు, ఫోటో స్టూడియో ఆయన, చిన్న కెమెరా పట్టుకుని ఒకసారి నాయకుడి వైపు, ఒకసారి మా వైపు తిప్పుతున్నాడు. ఇటు తిప్పినప్పుడల్లా నేను సర్దుకుని కూర్చున్నాను. ఎందుకు దాచాలి, సినిమాలో పడాలని ఎవరికుండదు?

దండలు వేయడం మొదలయింది. జనం బారులు తీరారు. ఎవరో కత్తి విసిరారట. అది నాయకుడి భుజం చీరుకుంటూ పోయి వెనక పరదాలో దిగింది. ఇదంతా తర్వాత విన్నదే. నాకు తెలిసిందల్లా ఒక అరుపు, ఆ వెంటనే లైట్లన్నీ పోవడం. చీకట్లో తొక్కిసలాట. నా చెప్పులు అక్కడే పోయాయి. పక్కింటావిడ నా జడ పట్టుకుని నడిచింది, దొరికింది అదే కాబోలు.

నాయకుడు బతికాడు. మర్నాటికల్లా పోలీసులు మైకు సెట్టు భాయ్‌ని పట్టుకెళ్ళారు.

అతన్ని ఎరగనివాళ్ళు బెజవాడలో తక్కువ. పెళ్ళిళ్ళకీ, మీటింగులకీ, గుణదల తిరనాళ్ళకీ మైకూ లైట్లూ అతనివే. ఎడమచేతి వాటం మనిషి. ముడి వేసినా, స్క్రూ బిగించినా ఎడమచేత్తోనే. లైట్ల మెయిన్ స్విచ్చి ఎవరు తీశారని పోలీసులు అడిగితే, దాచకుండా నేనే తీశానండీ అన్నాడట. ఎందుకు తీశావంటే, లైటు కట్టిన కర్ర ఒరిగిపోతోంది, వైరు కింద ఆడవాళ్ళున్నారు, కరెంటు కొడుతుందని అన్నాడట. ఆ మాట ఎవరూ చెవిన పెట్టలేదు. టార్చిలైట్లు వేసి చూసేసరికి తొక్కిసలాటలో కర్రలన్నీ కిందే ఉన్నాయి, ఏది ముందు పడిందో ఎవరికెరుక? కత్తి విసిరినవాడు పారిపోవడానికి ఇతనే చీకటి చేశాడన్నారు. ఇంకా రెండు రోజులు పోయాక, ఆ విసిరింది కూడా ఇతనేనేమో అన్నారు.

అతని భార్య మా ఇంటికొచ్చింది. రవికలు కుట్టేది, నావీ ఆవిడే కుట్టేది. వచ్చి గడప దగ్గర కూర్చుంది, లోపలికి రమ్మన్నా రాలేదు.

"అక్కా, మెయిన్ తీసింది నేనేనని ఆయనే చెప్పాడంట. దాచుకోవాలనుకున్నోడు చెబుతాడా అక్కా?" అంది.

ఆవిడ కళ్ళలో నీళ్ళు లేవు. ఏడవడానికి కూడా తీరిక లేనట్టు, చేతిలో ఎవరిదో రవిక పట్టుకుని హుక్కులు కుడుతూనే ఉంది.

ఆ సాయంత్రం మా ఇంట్లో దర్యాప్తు మొదలయింది. దానికి పెద్ద మా పక్కింటి బాబాయిగారు, కోర్టులో బెంచి గుమస్తాగా చేసి రిటైరయిన మనిషి. ఎదుటివాళ్ళు మాట పూర్తి చేయకుండానే తీర్పు చెప్పేసే రకం, కానీ మనసు వెన్న. "ఆ అబ్బాయి మా అమ్మాయి పెళ్ళికి మైకు పెట్టాడోయ్. అలాంటివాడు కాదు. మనమే తేల్చాలి," అన్నారు. మా ఆయన సరేనన్నారు. స్టూడియో ఆయన తన రీలు కడగడానికి మద్రాసు పంపానని, రాగానే ఇన్స్పెక్టరుగారికి ఇమ్మన్నారని, దానికన్నా ముందు ఒక్కసారి ఇక్కడ చూద్దామని అన్నాడు.

రీలు వచ్చేదాకా ముగ్గురూ నా వంటింటి సామాను మీద పడ్డారు. వసారాలో పోపుల డబ్బా స్టేజి అయింది. అగ్గిపెట్టె మైకు సెట్టు. గ్లాసులు జనం. స్టేజికి ఎడమ పక్క మైకు బల్ల, కుడి పక్క దండల బారు, నడుమ ఆడవాళ్ళం. పోలీసులు ఎక్కడెక్కడ నిలబడ్డారని బాబాయిగారు వెల్లుల్లి రెబ్బలు పెట్టి చూశారు. అవన్నీ గేటు దగ్గరే చేరాయి. స్టేజి పక్క మెట్ల దగ్గర ఒక్క రెబ్బ లేదు.

"చూశారా? చేతిలో దండ ఉంటే చాలు, నువ్వెవరని అడిగేవాడు లేడు. దండ కింద కత్తేం ఖర్మ, రోలు పెట్టుకుని ఎక్కినా తెలియదు," అన్నారు బాబాయిగారు.

నిజమే. దండ తెచ్చినవాణ్ణి ఆపితే నాయకుడికి అవమానం. ఆ మర్యాదే కొంప ముంచింది. కూరలో వేయడానికి వెల్లుల్లి లేదు మహాప్రభో అని నేను విసుక్కున్నా ఎవరూ పట్టించుకోలేదు.

రీలు వచ్చింది. ఆఫీసు నుంచి చిన్న ప్రొజెక్టరు తెచ్చారు. ఎండాకాలం మధ్యాహ్నం, తలుపులు మూసి, కిటికీలకు బొంతలు కప్పి, నా కొత్త దుప్పటి గోడకు మేకులు కొట్టి వేలాడదీశారు. లోపల ఆవిరి. ఒళ్ళు మండిపోయింది, దుప్పటికి చిల్లులు పడ్డందుకు ఇంకా మండింది. సరే, నన్ను నేను చూసుకోవచ్చని ఊరుకున్నాను. మజ్జిగ ఇచ్చే నెపంతో లోపలికి రావడం, అప్పుడే వాళ్ళు రీలు వెనక్కి తిప్పడం. మొదటిసారి అందరూ నాయకుణ్ణే చూశారు. రెండోసారి, కెమెరా జనం వైపు తిరిగిన తునక దగ్గర, వెనక నుంచి ఒక చెయ్యి లేచినట్టు వాళ్ళకు అనిపించింది. మొహం లేదు, ఉత్త చెయ్యి. ఆ వెంటనే తెర నల్లబడింది.

"ఆపవోయ్, ఆ చెయ్యి దగ్గర ఆపు," అని బాబాయిగారు కేకేశారు.

ఆపితే దీపం వేడికి ఫిల్ము కాలుతుందని మా ఆయనకు తెలుసు. అయినా ఆపారు. బొమ్మ నడుమ గోధుమ రంగు మచ్చ పుట్టి పెరిగింది, రీలు పుటుక్కున తెగింది, లాగిన ఊపుకు ఇంకోచోటా తెగి ఆ తునక ఊడి కింద పడింది. ఆయన కంగారుగా కాలిన మేర కత్తిరించి, తునకను మళ్ళీ అతికించారు. ఆ తర్వాత ఆపకుండా, మెల్లగా తిప్పుతూ పదేపదే వేశారు.

నేను వంటింట్లో ఉన్నాను. కాసేపటికి బాబాయిగారు బయటికొచ్చి, కండువాతో మొహం తుడుచుకుని కుర్చీలో కూలబడ్డారు.

"ఎడమ చెయ్యమ్మా," అన్నారు. "ఎడమ చెయ్యే. మైకు బల్ల ఉన్న వైపు నుంచే లేచింది."

అతన్ని విడిపించాలని కూర్చున్నవాళ్ళే అతని పీకల మీదికి తెచ్చారు. స్టూడియో ఆయన తల దించుకుని, రేపు పొద్దున రీలు ఇవ్వక తప్పదు, దాచిపెడితే నా మెడకు చుట్టుకుంటుంది అన్నాడు. ఎవరినేమనను? ముగ్గురి మొహాల్లోనూ నెత్తురు చుక్క లేదు. మా ఆయన నా వైపు చూడలేకపోయారు. గడప దగ్గర హుక్కులు కుట్టిన ఆ పిల్లకు రేపు ఏమని చెప్పాలి?

ఏమనిపించిందో తెలియదు, మొండితనం అనుకోండి, "పొద్దుట్నుంచీ మజ్జిగలు మోస్తున్నాను. పోలీసుల చేతికి పోతే మళ్ళీ వస్తుందా? నన్నొక్కసారి చూసుకోనివ్వండి," అన్నాను.

ఈ మనిషికి ఇప్పుడా ముచ్చట అన్నట్టు చూశారు మా ఆయన. బాబాయిగారే, "వెయ్యవోయ్, అమ్మాయి చూసుకుంటుంది," అన్నారు.

మెల్లగా తిప్పారు. దుప్పటి మీద ఆడవాళ్ళ వరస వచ్చింది. పక్కింటావిడ బుగ్గలు, ఆ పక్కన నేను. మొదట సంతోషమే కలిగింది, బాగానే ఉన్నాననిపించింది. తర్వాత ఏదో ఎబ్బెట్టుగా తోచింది. రవిక సరిగ్గా లేదేమో అనుకున్నాను. కాదు.

"ఇదేంటండీ, నా పైట కుడి భుజం మీద ఉంది," అన్నాను.

"ఆ రోజు అలా వేసుకున్నావేమో."

"పుట్టి బుద్ధెరిగాక ఏనాడైనా పైట కుడి వైపు వేశానా? నేనేనా, పక్కింటావిడా అంతే. వరసంతా అంతే. బెజవాడ ఆడవాళ్ళమంతా ఒక్క పూటలో ఉత్తరాదివాళ్ళమైపోయామా?"

మా ఆయన మిషను ఆపేశారు. రీలు విప్పి కిటికీ బొంత కొంచెం తొలగించి వెలుతురులో పెట్టి చూశారు. చాలాసేపు చూశారు.

"తిరగేసి అతికించాను," అన్నారు.

బాబాయిగారికి అర్థం కాలేదు. మా ఆయన విడమరిచి చెప్పారు. ఆఫీసు ప్రింట్లకు ఒక అంచున శబ్దం గీత ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ గీతను చూసే ఆయన చెయ్యి తునకను పట్టుకుంటుంది, గీత ఇటు ఉంటే సరి, అటు ఉంటే తప్పు. ఇది మూగ రీలు. గీత లేదు, రెండంచులా చిల్లులే, ఎటు వేసినా మిషను ఒప్పుకుంటుంది. ఆ తునకలో రాత ఉన్న బోర్డు ఒక్కటైనా పడి ఉంటే అక్షరాలు అద్దంలోలా తిరగబడి పట్టిచ్చేవి. ఉన్నది మేమే.

ఊడదీసి సరిగ్గా అతికించారు. నా పైట ఎడమ భుజం మీదికి వచ్చింది. చెయ్యి కుడి చెయ్యి అయింది. మైకు బల్ల వైపు నుంచి కాదు, దండల బారు వైపు నుంచి లేచింది. బాబాయిగారు అంత పెద్దాయన, కండువా మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. "ఒక్క పూటలో ఉరి వేసేశానమ్మా ఆ పిల్లాడికి," అన్నారు. స్టూడియో ఆయన బాబాయిగారి వీపు రాస్తూ నిలబడ్డాడు.

నేను మాత్రం ఇంకోసారి వెయ్యమన్నాను. నా మొహం చూసుకోవడం పూర్తి కాలేదు. ఈసారి చూస్తే నచ్చలేదు. అందరూ స్టేజి వైపు చూస్తుంటే నేనొక్కదాన్నే నోరు తెరుచుకుని పైకి చూస్తున్నాను.

"నేను దేన్ని చూస్తున్నానండీ?" అని అడిగాను, నాకే గుర్తు రాక.

అంతసేపూ అందరం చేతినే చూశాం, పైన మూలకు ఎవరూ చూడలేదు. మళ్ళీ తిప్పారు. తెర నల్లబడబోయే ముందు, పై మూల నుంచి ట్యూబులైటు కట్టిన సరుగుడు కర్ర వైర్లతో సహా ఒరుగుతూ వస్తోంది. సూటిగా నా నెత్తి మీదికి. అది నన్ను చేరేలోపే తెర నల్లబడింది.

ప్రొజెక్టరు ఖాళీ చక్రం తిరుగుతూ ఉండిపోయింది. ఆ చీకటి ఎవడో పారిపోవడానికి చేసింది కాదు. నా కోసం చేసింది. అతను ఆ మాటే చెబుతూ లాకప్పులో కూర్చున్నాడు.

మర్నాడు ముగ్గురూ రీలు తీసుకుని స్టేషనుకు వెళ్ళారు. ప్రొజెక్టరు కూడా మోసుకెళ్ళారు. ఇన్స్పెక్టరుగారు మొదట విసుక్కున్నా, కర్ర ఒరగడం తానే నాలుగైదుసార్లు వేయించుకుని చూశారట. కాగితాలు కదలడానికి కొన్నాళ్ళు పట్టింది, బాబాయిగారు చెప్పులరిగేలా తిరిగారు. భాయ్ ఇంటికొచ్చాడు. కత్తి విసిరిందెవరో మాకు తెలియలేదు. ఎవరినో పట్టుకున్నారని, వదిలేశారని విన్నాం.

భాయ్ భార్యతో కలిసి మా ఇంటికొచ్చాడు. మనిషి సగమయ్యాడు. "మా ప్రాణాలు కాపాడి నువ్వు లోపల కూర్చున్నావా నాయనా," అన్నాను.

"చెప్పానండీ. ఎవరూ నమ్మలేదండీ," అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

మరుసటేడు మా వీధిలో పెళ్ళి. పందిట్లో ముందు వరసలో ఆడవాళ్ళం కూర్చున్నాం, సన్నాయి మొదలైంది. భాయ్ స్తంభాలు ఊపి చూసుకుంటూ వచ్చి, మా నెత్తి మీద వైరు ఒకసారి చూసి, "కొంచెం అటు జరగండమ్మా," అన్నాడు. ఇప్పుడా, పెళ్ళికూతురు కనపడదు, నువ్వే ఆ వైరు జరుపుకోరాదూ అని ఆడవాళ్ళు సణుక్కున్నారు. ఎవరూ కదల్లేదు.

నేను లేచాను. లేచి, జంపఖానా అంచు పట్టుకుని లాగాను.

"లేవండి. ఆయన జరగమంటే జరగాలి," అన్నాను.