రెండువందల పన్నెండో కారణం

ఆర్విడ్ కంగాస్ ఇరవై ఏడు చలికాలాల పాటు గడ్డకట్టిన మా సరస్సు మీద బండి పందేలు ఓడిపోయాడు. ఓడిపోవడం పెద్ద విశేషమేమీ కాదు, ఆ పని మా ఊళ్లో చాలామందికి వచ్చు. విశేషమేమిటంటే, ఓడిన ప్రతిసారీ ఆయన దగ్గర ఒక కారణం సిద్ధంగా ఉండేది. ఒకసారి చెప్పిన కారణం మళ్లీ చెప్పేవాడు కాదు.

దాన్ని సాకు అంటే మాత్రం కోపం వచ్చేది. "సాకు చేతగానివాడు చెప్పేది. నేను చెప్పేది కారణం," అనేవాడు, ఏడుగురిలో ఏడోవాడిగా వచ్చి.

మాది మిషిగన్‌లో ఉత్తరపు కొస. జనవరిలో సరస్సు గడ్డకట్టి, దాని మీద లారీ నిలబెట్టినా భయం లేదనుకున్న రోజు నుంచి ఆదివారాలు పందేలు సాగుతాయి. ముందు మోటారు సైకిళ్లు, తరువాత నాలుగు చక్రాల క్వాడ్ బండ్లు, ఆర్విడ్ నడిపేది క్వాడే. కోడిగుడ్డు ఆకారంలో బాట, అన్నీ ఎడమ మలుపులే. తొలి పందేల్లో గెలిచినవాళ్లు సాయంత్రం ఫైనల్లో పోటీ పడతారు. అంతా అయ్యాక ఒడ్డున డార్లీన్ నడిపే ఎరల కొట్టులోకి దూరి చేతులు కాచుకుంటాం. డార్లీన్ చేపలకు ఎరలు, మనుషులకు కాఫీ అమ్ముతుంది. జాలి మాత్రం ఆమె దగ్గర దొరకదు. చెవి మీద ఎప్పుడూ వడ్రంగి పెన్సిలుంటుంది. ఆర్విడ్ చెప్పిన కారణాలన్నీ వరుస అంకెలు వేసి కొట్టు వెనక చెక్కగోడ మీద రాసిపెట్టింది ఆవిడే.

కొన్ని నాకు కంఠతా వచ్చు. పదిహేడు: మంచుగడ్డ మరీ నున్నగా ఉంది. పద్దెనిమిది: గడ్డ మరీ గరుకుగా ఉంది. పంతొమ్మిది: గడ్డ ఉండాల్సినట్టే ఉంది, అలా ఉంటుందని అనుకోలేదు. యాభై మూడు: భార్య ఎల్మా అల్లిన కొత్త మేజోళ్లలో ఎడమది వెచ్చగా ఉండి, ఎడమకాలికి బద్ధకం వచ్చింది. తొంభై: మూడు రోజులుగా గుర్తురాని ఒక కుక్క పేరు మలుపులో గుర్తొచ్చి, ఆనందం పట్టలేక బ్రేకు వేశాడు. నూట నలభై నాలుగు: మాంసం కూరిన పాస్టీ రొట్టె తింటే, అందులో మాంసం అంతా ఒకవైపుకి చేరి బరువు కుడికి లాగింది.

ఒకే ఒకసారి దొరికిపోబోయాడు. ఎండ కళ్లలో పడిందన్నాడు. డార్లీన్ గోడ దగ్గరికి వెళ్లి వేలు పెట్టి చూపించింది. అది నలభై ఒకటి. కొట్టులో అందరం కాఫీ తాగడం ఆపేశాం. ఆర్విడ్ గోడను చాలాసేపు చూసి, "అది ఉదయపు ఎండ. ఇది మధ్యాహ్నపు ఎండ. రెంటికీ స్వభావంలో తేడా ఉంది," అన్నాడు. డార్లీన్ ఒక నిమిషం ఆలోచించి రాసుకుంది.

ఆయన తిక్కకు అసలైన రుజువు వేరే ఉంది. కళ్లెదురుగా నిఖార్సయిన కారణం ఉన్నా దాన్ని వదిలేసి ఎక్కడెక్కడో వెతికేవాడు. ఒక ఏడాది, మా ఊళ్లో బళ్లు బాగుచేసే షెడ్డు నడిపే రస్ పెల్టియే మలుపులో ఆర్విడ్‌ని పక్కనుంచి గుద్దాడు. ఆర్విడ్ బండితో సహా మంచుగట్టులో తలకిందులుగా దిగబడ్డాడు. మేమంతా చూశాం. బయటికి లాగి, నోట్లోంచి మంచు తీసి, ఏం జరిగిందని అడిగితే, చేతితొడుగుకి చిన్న చిల్లు పడిందనీ, దాన్ని ఎలా కుట్టించాలా అని ఆలోచనలో పడ్డాననీ చెప్పాడు. నూట పద్దెనిమిది.

నేను వేరే రకం. నా బతుకు ఇలా ఉండడానికి బాధ్యులెవరో నాకు పేరుపేరునా తెలుసు. నన్ను పనిలోంచి తీసేసిన రంపపు మిల్లు మేస్త్రీ లిండ్‌క్విస్ట్, హైస్కూలు లెక్కల టీచరు, మా నాన్న, మా నాన్నకి ఓటిపడవ అంటగట్టినవాడు. లైబ్రరీవాళ్లు పారేసిన పుస్తకాలు పెట్టెలకొద్దీ తెచ్చుకుని చదవడం మొదలుపెట్టాక ఆ జాబితాలో కొందరు రాజులు, ఇద్దరు తత్వవేత్తలు కూడా చేరారు. శనివారాలు ఆర్విడ్ షెడ్డుకి వెళ్లి, ఆయన మంచు మీద జారకుండా టైర్లలో స్క్రూలు దిగేస్తూంటే పక్కన కూర్చుని ఆ జాబితా వినిపించేవాణ్ణి. ఆయన ఓపిగ్గా వినేవాడు. చివర్లో ఒకే ప్రశ్న వేసేవాడు.

"లిండ్‌క్విస్ట్ నన్ను అందరి ముందూ తిట్టాడు, పెద్దాయనా."

"ఆ రోజు గాలి ఎటువైపుది?"

"గాలికీ దానికీ ఏమిటి సంబంధం?"

"కనుక్కోవాలి మరి," అనేవాడు తల ఊపుతూ.

మొన్నటి మార్చిలో ఆఖరి ఆదివారం వచ్చింది. ఆర్విడ్‌కి అదే ఆఖరి పందెం కూడా. ఏప్రిల్లో డెబ్భై నిండుతాయి, నిండగానే బండి అమ్మేయాలని ఎల్మా ఎప్పుడో మాట తీసుకుంది. ఆ రోజు ఆయన తొలి పందెంలో ఒకడి ఇంజను కాలిపోయింది, ఇంకొకడు మేనల్లుడి పెళ్లికి పోయాడు, మిగిలినవాళ్లు ఒకరినొకరు తగులుకుని ఆగిపోయారు. ఆర్విడ్ ఒక్కడే బాట చుట్టూ తిరుగుతూ ఉండిపోయి గెలిచాడు.

బండి దిగినప్పుడు ఆయన మొహం పాలిపోయి ఉంది. డార్లీన్ పెన్సిలు తీసి, గెలవడానికి కారణమేమిటని అడిగింది. ఆర్విడ్ నోరు తెరిచాడు, మూశాడు. ఇరవై ఏడేళ్లలో ఆయనకు మాట దొరక్కపోవడం అదే మొదలు.

ఫైనల్‌కి రెండు గంటల వ్యవధి ఉంది. కబురు అందిన ఎల్మా, చలికి ఎనిమిదేళ్లుగా సరస్సు మీదికి రాని మనిషి, దుప్పటి కప్పుకుని వచ్చి కుర్చీ వేసుకుంది. ఆర్విడ్ ట్రక్కులోంచి పాత పక్కదుప్పటిలో చుట్టిన రెండు వెనక టైర్లు దింపాడు. అవి ఫైనల్ టైర్లు. పదకొండేళ్ల క్రితం వంటింట్లో కూర్చుని ఒక్కో టైరుకి నాలుగువందల స్క్రూలు చేత్తో బిగించాడు. ఫైనల్‌కి ఎప్పుడూ చేరక అవి షెడ్డు గోడకి వేలాడుతూ ఉండిపోయాయి. స్క్రూలన్నీ చక్రం తిరిగే వైపుకి కాస్త వంగి ఉంటాయి, పిల్లిగోళ్లలాగా. అలా ఉంటేనే గడ్డను పట్టుకుంటాయి. అందుకని ఎడమది ఎడమకే, కుడిది కుడికే వేయాలి. పొరపాటు జరక్కుండా రెంటి మీదా ఎర్రరంగుతో బాణాలు వేశాడు. బాణాలు ముందుకి చూడాలి, అంతే.

"నువ్వు బిగించరా అబ్బాయ్. నా చేతులు వణుకుతున్నాయి," అన్నాడు.

నాకూ అది ముఖ్యమైన రోజే. నా చేతిపని నమ్మదగినదైతే ఏప్రిల్ నుంచి తన షెడ్డులో పనిలోకి తీసుకుంటానని రస్ పెల్టియే అన్నాడు. ఆ రోజు అవతలి గట్టు మీద నిలబడి చూస్తానని కూడా అన్నాడు.

నేను చక్రాలు విప్పాను, ఫైనల్ టైర్లు బిగించాను. బిగిస్తున్నంతసేపూ పక్కనున్నవాళ్లకి లిండ్‌క్విస్ట్ గురించి చెబుతూనే ఉన్నాను. మనిషి నీచత్వం మీద నాకు మంచి మంచి మాటలు తోచిన రోజు అది.

జెండా పడింది. ఆరు బళ్లు గడ్డను చీల్చుకుంటూ, వెనక చక్రాల్నించి తెల్లటి పొడి ఎగజిమ్ముతూ పోయాయి. ఏడోది ఆర్విడ్‌ది. ఇంజను సింహంలా గర్జించింది, చక్రాలు గిర్రున తిరిగాయి, బండి మాత్రం ఏదో మరిచిపోయినదానిలా అక్కడే నిలబడింది. తరువాత మెల్లగా, చాలా హుందాగా కదిలింది. మొదటి మలుపులో అందరూ ఎడమకి తిరిగితే ఆర్విడ్ నేరుగా వెళ్లి మంచుగట్టుని పలకరించి వచ్చాడు. వెనకబడి, ఇంకా వెనకబడి, అందరూ ముగించి హెల్మెట్లు తీశాక కూడా ఆయన రెండు చుట్లు తిరిగాడు. ఎల్మా ఒక్కర్తే చివరిదాకా నిలబడి చప్పట్లు కొట్టింది.

బండి వచ్చి నా ముందు ఆగింది. నేను వెనక చక్రం వైపు చూశాను. ఎర్రబాణం వెనక్కి చూస్తోంది. అటువైపు వెళ్లి చూశాను. అదీ వెనక్కే. ఎడమది కుడికి, కుడిది ఎడమకి వేశాను. పదకొండేళ్లు ఎదురుచూసిన ఎనిమిదివందల పిల్లిగోళ్లు ముడుచుకుని పడుకున్నాయి.

క్షణంలో నా బుర్రలో ముద్దాయిలు వరుసగా నిలబడ్డారు. లిండ్‌క్విస్ట్ వల్లే పరధ్యానం. పక్కన నిలబడి విన్నవాళ్లదీ తప్పే. ముసలాయన ఒకసారి సరిచూసుకోవద్దా?

ఆర్విడ్ నా మొహం చూశాడు, తరువాత బాణం చూశాడు. ఒడ్డునుంచి జనం వస్తున్నారు. ముందు డార్లీన్, వెనకే రస్. ఆర్విడ్ మోకాళ్ల మీద కూర్చుని, కరుగుతున్న మంచు గుప్పెడు తీసి, తాపీమేస్త్రీ గోడకు సున్నం పెట్టినట్టు బాణం మీద మెత్తాడు. అటువెళ్లి రెండోదాని మీదా మెత్తి, చేతులు దులుపుకుని లేచాడు. రస్ గుద్దిన ఏడాది తరువాత మళ్లీ ఇప్పుడే ఆయనకు అసలు సిసలైన కారణం దొరికింది, రుజువుతో సహా. నేను నోరు తెరవబోయాను. ఆయన నా కాలు తొక్కాడు.

"చెప్పవయ్యా," అంది డార్లీన్. "రెండువందల పన్నెండు."

ఆర్విడ్ గొంతు సవరించుకున్నాడు. "మొదటి మలుపు దగ్గర గడ్డ కింద ఒక పైక్ చేప కనబడింది. నా పక్కనే ఈదుతోంది, నా వేగంతోనే. దాని ఇంట్లో దాన్నే దాటిపోవడం మర్యాద కాదనిపించింది."

రస్ అడ్డుపడ్డాడు. "రెండడుగుల మందం గడ్డ. కింద చేప ఎలా కనబడింది, పెద్దాయనా?"

"అందుకే కదయ్యా అంత నెమ్మదిగా వెళ్లాల్సొచ్చింది."

జనం పడీపడీ నవ్వారు. డార్లీన్ ఆ మాట కొట్టుకి వెళ్లేదాకా ఆగలేక అట్టపెట్టె మీద రాసుకుంది.

బండి ట్రక్కులోకి ఎక్కిస్తున్నప్పుడు నేను ఆగలేకపోయాను. తప్పు నాదని ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆయన తాడు బిగిస్తూ విసుక్కున్నాడు. "అది మంచి కారణం కాదురా. విన్నవాడెవడూ నవ్వడు."

ఎల్మా అప్పటికే ముందు సీట్లో కూర్చుంది. ఆవిడకి బాణాల సంగతి తెలుసో లేదో నాకిప్పటికీ తెలియదు. "ఏమయ్యా, ఆ చేపను దాటాకే బండి అమ్ముదాంలే," అంది. ఆర్విడ్ తాడు ముడి రెండుసార్లు వేశాడు, రెండుసార్లూ ఊడిపోయింది.

మర్నాడు రస్ షెడ్డుకి వెళ్లి చక్రాల సంగతి చెప్పేశాను. అతను నూనెచేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"తెలుసు. అవతలి గట్టు మీంచి చూశాను, చక్రం పొడి లేపలేదు."

"మరి అక్కడే ఎందుకు అనలేదు?"

రస్ చేతిలోని గుడ్డను బల్ల మీద పడేశాడు. "ఆయన్ని గట్టులోకి గుద్దిన ఏడాది వారం రోజులు నిద్రపట్టలేదు నాకు. ఇవాళ చెబుతాడు, రేపు చెబుతాడు అనుకున్నాను. చేతితొడుగుకి చిల్లు అన్నాడు. అలాంటి మనిషి చేప అంటే కాదనడానికి నేనెవణ్ణి? నువ్వు ఏప్రిల్ ఒకటిన రా. చక్రాల జోలికి మాత్రం కొన్నాళ్లు పోకు."

అక్కణ్ణుంచి ఎరల కొట్టుకి వెళ్లి గోడ మొత్తం చదివాను, ఒకటి నుంచి రెండువందల పన్నెండు దాకా. ఎండ ఉంది, గాలి ఉంది, కాకి ఉంది, మేజోడు ఉంది, పాస్టీ ఉంది. నింద మేజోడు అల్లిన ఎల్మా మీదికి కూడా పోలేదు, నేరం మేజోడుదే. మనిషిని తప్పుపట్టిన కారణం ఒక్కటి కూడా కనబడలేదు. మళ్లీ మొదట్నుంచీ చదివాను. ఏమీ కొనకుండా అంతసేపు నిలబడితే కుదరదంది డార్లీన్.

ఈ జనవరిలో నేనూ ఒక పాత క్వాడ్ కొని పందెంలో దిగాను. ఐదో స్థానం. మూడో మలుపులో రస్ నాకు అడ్డం వచ్చాడు, అందరూ చూశారు. కొట్టులో ఆర్విడ్ తన రెండువందల పదమూడో కారణం చెప్పేసి కాఫీ ఊదుకుంటున్నాడు. డార్లీన్ పెన్సిలు నావైపు తిప్పి, నీ సంగతేమిటంది. రస్ పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది.

ఆర్విడ్ కప్పులోంచి తలెత్తకుండా అడిగాడు. "మూడో మలుపు దగ్గర గాలి ఎటువైపుది?"

నేను ఆలోచించాను. "గాలి బాగానే ఉంది. నా హెల్మెట్‌లో ఒక సాలీడు కాపురం పెట్టింది. బయట చలి కదా, దింపేయడానికి మనసొప్పలేదు. దానికి కళ్లు తిరుగుతాయేమోనని మలుపుల్లో నెమ్మదిగా వెళ్లాను."

డార్లీన్ ఆర్విడ్ వైపు చూసింది. ఆయన కాఫీ ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని, సాలీడుని అన్నివైపులనుంచీ పరిశీలించాడు.

"మొదటిసారికి ఫర్వాలేదు," అన్నాడు. "రాసుకో."