తాళం తప్పించింది నేనే

మా బడి పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో ఏటా ఒక వీడియో తిరుగుతుంది. వేదిక మీద ఇద్దరు పదో తరగతి పిల్లలు కర్రకత్తులతో తలపడుతుంటారు. ఒకడి వేలు విరుగుతుంది. కింద ఎవరో ఒకరు రాస్తారు: “పగ తీర్చుకున్నడు.” అది అబద్ధం. సిద్దిపేటలో నేను సోషల్ చెప్పిన బడి అది. నాటకం నేను రాసిందే.

నాటకం మంచిది. ఇప్పటికీ అంటాను. ఇంగ్లండులో ఒక శాక్సన్ పట్టణం. వైకింగులు పడవల మీద వచ్చి దోచుకుపోతుంటారు. చివరికి ఊరి పెద్ద, ఆ వైకింగుల్లోనే ఒక నాయకుడితో పొత్తు కుదుర్చుకుంటాడు, మిగతా వైకింగులను ఆపడానికి. ఒకరినొకరు నమ్మని పొత్తు. ముందు ఇద్దరూ కత్తులు దూసి బలం చూసుకోవాలి, తర్వాత కౌగిలించుకుని అలయ్ బలయ్.

ఆ వేషాలు వేసిన ఇద్దరికీ అప్పట్లో మాటల్లేవు. క్రికెట్ దగ్గర తగాదా. అయినా దెబ్బ తగలకూడదని వాళ్లే ఉపాయం చేశారు. హోలీ నాటి కాముని పున్నానికి ఆడే జాజిరి కోలాటంలో లాగా, డప్పు తాళానికే ప్రతి దెబ్బ. ఎవరి కర్ర ఎప్పుడు ఎటు వస్తుందో ఇద్దరికీ తెలుసు.

ఆ రోజు జనం నవ్వారు. “సారూ, గిది యుద్ధమా, జాజిరా?” అని ముందు వరుసలోంచి ఎవరో అరిచారు. నాకు తల కొట్టేసినట్టయింది. తెర పక్క నుంచి వైకింగు పిల్లవాడికి చెప్పాను: “తాళం ఇడిశిపెట్టు. జోరుగ కొట్టు.” వాడు నా మాట విన్నాడు. రెండోవాడు తాళాన్నే నమ్ముకుని ఉన్నాడు.

అలయ్ బలయ్ జరగలేదు. వైకింగు పిల్లవాడిని వాళ్ల బాపు వేలు విరిగినవాడి ఇంటి వాకిట్లోకి ఈడ్చుకెళ్లి అందరి ముందూ కొట్టాడు. నేను అక్కడే ఉన్నాను. నోరు విప్పలేదు.

వాడిప్పుడు తొగుట రోడ్డులో బైకులు బాగుచేస్తాడు. ఈ ఏడు వీడియో రాగానే వాడి షాపుకు వెళ్లి, ఆ దెబ్బ నాదేనని గ్రూపులో రాస్తానన్నాను. పక్కనే కూర్చున్న వాళ్ల బాపు లేచాడు.

“ఫోన్ల ఎందుకు సారూ? నేను వీన్ని కొట్టింది ఆల్ల వాకిట్ల. గాడ చెప్పాలె. నడువుండ్రి.”

ముగ్గురం వెళ్లాం. ఆ వాకిట్లో నిలబడి, పాఠం చెప్పినట్టే గట్టిగా చెప్పాను: కొట్టమన్నది నేను.

ఊరి పెద్ద వేషం వేసినవాడు తన వంకర వేలు చూసుకున్నాడు. “ఇన్నేండ్లు ఉత్తగనే నీతోని మాట బందు వెట్టిన గదరా! మరి గా ఆఖరి సీను?”

“జేద్దాం తియ్,” అన్నాడు వైకింగు. “సారును మాత్రం తెర పక్కకు రానియ్యకు.”