పాకిస్తాన్ గోలులో నేను

మొన్న వడ్రంగి మా కొత్త తలుపులకు అవిసె నూనె పట్టిస్తుంటే, ఆ వాసనకు పొయ్యి మీద పప్పు వదిలేసి వెళ్లి అతని పక్కన నిలబడ్డాను. పనిలో వంక పెట్టడానికి వచ్చాననుకున్నాడేమో, పాపం, బిక్కమొహం వేశాడు. మహబూబ్‌నగర్ బాలికల పాఠశాలలో మా హాకీ కర్రలకు ప్రతి శనివారం ఇదే నూనె పూయించేవారు మా డ్రిల్ మాస్టారు, యాదగిరి సారు.

దేశాల మధ్య జరిగే పెద్ద మ్యాచి మేము చూసింది లేదు. నిజం చెప్పొద్దూ, సారు కూడా చూడలేదు. ఆయనకున్నదల్లా ఒక రేడియో. నిజాం కాలంలో ఉర్దూలో చదువుకున్న మనిషి కాబట్టి, కామెంటరీ వింటూ కుడి నుంచి ఎడమకు గబగబా నోటుబుక్కులో రాసుకునేవారు. మర్నాడు మైదానంలో సున్నంతో గీతలు గీసి, మమ్మల్ని ఆ ఆటగాళ్ల స్థానాల్లో నిలబెట్టి, నిన్న పడిన గోలును మళ్లీ మాచేత ఆడించేవారు. చెవులు విన్నది కాళ్లకు తెలియాలనేవారు. హాకీ నేను నేర్చుకున్నది అలాగే.

1964 టోక్యో ఒలింపిక్స్ ఫైనల్లో మనవాళ్లు పాకిస్తాన్‌ను ఒక్క గోలు తేడాతో ఓడించారు. నాలుగేళ్ల కింద రోమ్‌లో వాళ్ల చేతిలో ఓడిన కడుపుమంట చల్లారింది. ఇక సారును పట్టేవాళ్లు లేరు. బడి మొత్తం చూడాలన్నారు, పెద్దమేడమ్ గారిని పిలిచారు, అమ్మానాన్నలను కూడా రమ్మన్నారు. ఆ గోలు పెనాల్టీ స్ట్రోక్‌తో పడింది. కొట్టే మనిషి ఒకరు, ఎదురుగా గోల్‌కీపరు ఒకరు, మధ్యలో బంతి, అంతే. ఇండియా తరఫున కొట్టడానికి మా కెప్టెన్ పద్మక్క సిద్ధంగా ఉంది. పాకిస్తాన్ గోలులో నిలబడమంటే మాత్రం ఒక్కతీ కదల్లేదు. సారు నా పేరు పిలిచారు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆ వారంలోనే హైదరాబాద్ పోటీలకు మా టీము ఎంపిక. గోల్‌కీపరు ఎవరన్నది ఇంకా తేలలేదు. ఈసారి నా పేరు రాకపోతే కర్ర మూలన పెట్టి బడి కాగానే ఇంటికి రావాలని మా బాపు ఖరాఖండీగా చెప్పేశాడు. ఆ బాపు ఆముదాల బండి మార్కెట్లో వదిలేసి వచ్చి, గోడ పక్కన నిలబడి చూస్తున్నాడు. ఆయన కళ్ల ముందే గోలు వదిలేయడం నా వంతయింది. పనికిరానిదాన్ని కాబట్టే సారు నన్నక్కడ నిలబెట్టారని కుమిలిపోయాను.

సారు ఈల వేశారు. పద్మక్క బంతిని నా కుడివైపుకు గట్టిగా నెట్టింది. వదిలేయాలని నాకు తెలుసు. తెలిసి కూడా దూకాను. బంతి నా చేతికి తగిలి పక్కకు పోయింది. చప్పట్లకు లేచిన చేతులు అలాగే ఉండిపోయాయి. పెద్దమేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. పద్మక్క నన్ను నమిలి మింగేసేలా చూసింది. దేశం గెలిచిన గోలును ఆపేశానని అప్పుడు తెలిసొచ్చింది.

సారు మెల్లగా నా దగ్గరికొచ్చి, ఎందుకాపినవని అడిగారు.

“బంతి నా మీదికే వచ్చింది సార్. చెయ్యి ఆగలే.”

ఆయన నా మోచేతికంటిన మట్టిని తన రుమాలుతో తుడిచారు. తర్వాత అందరికీ వినపడేలా అన్నారు: “గట్ల ఆపెటోళ్లు ఎదురుంగ ఉంటెనే మనోళ్లు గెలిచిండ్రు. లేకుంటె గా గోలుకు ఏం ఇజ్జతున్నది? హైదరాబాదుకు గోల్‌కీపరు గీ పిల్లనే.”

అవతలి వైపును తక్కువ చేస్తే మన గెలుపే చిన్నబోతుందన్న సంగతి నాకు పదిహేనేళ్లకే అర్థమైంది. నాలో ఒక మంచి కీపరును ఏనాడో చూసి పెట్టుకునే ఆయన నన్నక్కడ నిలబెట్టారని తెలిసేసరికి ఇంకో నెల పట్టింది. అడిగితే చెప్పేవారు కాదు, బూటు లేసులు కట్టుకుంటూ నవ్వేవారు. ఆ రోజు మాత్రం ఆ గోలును మళ్లీ ఆడించారు. ఈసారి నన్ను ఎడమకు దూకమని చెవిలో చెప్పారు, బంతి కుడివైపు నుంచి వెళ్లింది, బడంతా గోల పెట్టింది. దేశం గెలవాలి కదా మరి!

ఇంటికి బాపు వెంట నడిచాను. తిడతాడనే అనుకున్నాను. ఊరి పొలిమేర దాటాక నా చేతిలోంచి కర్ర తీసుకుని తన భుజాన వేసుకున్నాడు.

“ఇండియాకే అడ్డం పడితివి గదనే బిడ్డా,” అన్నాడు. గొంతులో సంబరం ఆగడం లేదు.

హైదరాబాద్‌లో రెండో మ్యాచికే ఓడి ఇంటికొచ్చాం, అది వేరే సంగతి. తర్వాత షాద్‌నగర్‌లో ముప్పై ఏళ్లు నేనూ డ్రిల్ టీచరుగా పనిచేశాను. సాధన ఆటల్లో మా టీముకు ఎదురుగా నా చేతిలోని గట్టి పిల్లనే నిలబెట్టేదాన్ని. “మేము ఓడిపోతం టీచర్,” అని ఏడ్చిన పిల్లలున్నారు, మా అమ్మాయిని అవతల పెడతారా అని కొట్లాడిన తల్లులున్నారు. ఎంతమంది ఏమన్నా నా పద్ధతి మార్చుకోలేదు. దేశం గెలుపు పండుగలో అందరి ముందూ ఆ బంతిని ఆపినందుకు నేను ఇవాళ్టిదాకా ఎవరికీ సంజాయిషీ చెప్పుకోలేదు, చెప్పుకోను కూడా.