పేరు లేని పార్సెల్

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, మోసపోయేవాళ్ళంతా చదువురానివాళ్ళేనని నాకు గట్టి నమ్మకం. రాయచూరులో ఇల్లు, పక్కనే శక్తినగర్‌లో కొలువు, మెడలో ఐడీ కార్డు (ఆదివారం కూడా తీసేవాణ్ణి కాదు). మొదటి జీతంలో సగం ముందే కట్టేసి మా అవ్వకు వినికిడి మిషను ఆర్డరిచ్చాను. అవ్వకు చెవుడు. ఇంట్లో ఎవరైనా నవ్వితే మా మొహాలు చూసి, ఒక క్షణం ఆలస్యంగా తనూ నవ్వేది. "పోయేలోపల ఒక్కసారి ఇని నవ్వాలెరా" అనేది.

నాలుగో రోజు మెయిలొచ్చింది. 'ప్రియమైన కస్టమర్, చిరునామా సరిగా లేదు. ఈరోజే పాతిక రూపాయలు కట్టకపోతే మీ పార్సెల్ వెనక్కి పోతుంది.' కంపెనీ బస్సులోనే లింకు నొక్కి కార్డు నంబరూ, ఓటీపీ సమర్పించుకున్నాను. బస్సు రాయచూరు చేరేలోపు మిగిలిన సగం జీతం ఊడ్చుకుపోయింది. అవ్వకొక్కదానికే మెల్లగా చెప్పుకుందామనుకున్నాను. మెల్లగా చెబితే ఆమెకు వినపడదు కదా. "నేను మోసపోయిన అవ్వా" అని మూడోసారి అరిచేసరికి వీధి వీధంతా పరామర్శకు వచ్చింది.

అవ్వ ఒకటే అడిగింది. "దాంట్ల నీ పేరుండెనా?"

"లేకుండె."

"పేరు తెల్వనోడు నీ సామాను యాడికెల్లి తెస్తడురా? గింతన్న సోంచాయించద్దా?"

ఆ మాట పట్టుకుని ఉంటే బాగుండేది. నేను పార్సెల్ అన్న ప్రతి మెయిలునూ తెరవకుండానే తుడిచేశాను, బస్సులో ఉపన్యాసాలిచ్చాను ('సైబర్ స్వామి' అని బిరుదు కూడా వచ్చింది). వారం తర్వాత ఒకాయన ఫోన్ చేసి, నా పేరు పెట్టి పిలిచి, "పార్సెల్ బందిదె సార్, మనె ఎల్లి?" అని, పార్సెల్ వచ్చిందంటూ కన్నడంలో ఇల్లెక్కడో అడిగాడు. నాకొచ్చిన మూడు భాషల్లోనూ తిట్టాను. పక్కనున్న అవ్వ నా మొహం చూసి, "ఎవర్రా? నీ పేరు చెప్పిండా?" అంది. "అందరు దొంగలే అవ్వా" అని అరిచాను.

మిషను వెనక్కి పోయింది. తుడిచేసినవాటిలో వెదికితే అసలు మెయిలు దొరికింది. నా పేరూ, ఆర్డరు నంబరూ ఉన్నాయి, డబ్బు అడగలేదు. మళ్ళీ తెప్పించేసరికి అవ్వ పోయి పదిహేను రోజులు. ఆ డబ్బా ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

ఇప్పుడు ఏ మెయిలొచ్చినా ముందు నా పేరుందా అని చూస్తాను, తర్వాత పంపినవాడి అడ్రసు. లింకు ముట్టుకోను, ఆర్డరిచ్చిన చోటికే పోయి చూసుకుంటాను. మా పిల్లలకు ఈ కథ చెబితే, వీధంతా పరామర్శకు వచ్చిన చోట పడీపడీ నవ్వుతారు. వాళ్ళ మొహాలు చూసి నేనూ నవ్వుతాను, ఒక క్షణం ఆలస్యంగా.